ఫోన్‌లో నెట్ వస్తుంది, సిస్టంలో రావడం లేదా? విండోస్ కొట్టించే ముందు ఇది చూడండి

"నెట్ పోయింది తమ్మీ. రౌటర్ మూడుసార్లు బంద్ జేసి ఆన్ జేసిన. నా ఫోన్ల యూట్యూబ్ మంచిగనే నడుస్తుంది. సిస్టంల మాత్రం ఒక్క పేజీ ఓపెన్ అయితలేదు."

ఇంద్రవెల్లిలో జిరాక్స్, ఆన్‌లైన్ సెంటర్ నడిపే ఒక అన్న ఫోన్ ఇది. డిగ్రీ అడ్మిషన్ల సీజన్. దోస్త్ వెబ్ ఆప్షన్లకు అదే చివరి రోజు. షాపు ముందు అప్పటికే పదిమంది పిల్లలు, కొందరు తల్లిదండ్రులతో సహా నిలబడి ఉన్నారు. సిస్టం ఒక్కటే. నేనున్నది కరీంనగర్‌లో, బస్సెక్కి పోయేసరికి షాపు మూసే టైం అయితది.

ఆయన నాకంటే ముందే ఆదిలాబాద్‌లో ఒక రిపేర్ షాపుకు ఫోన్ చేశాడట. అక్కడినుంచి వచ్చిన జవాబు మనందరికీ తెలిసిందే: "విండోస్ ఖరాబైంది, కొత్తది కొట్టాలె. పట్టుకరా, రేపు సాయంత్రం ఇస్త. సీ డ్రైవ్ల ఉన్నది పోతది." ఆ సీ డ్రైవ్‌లో డెస్క్‌టాప్ నిండా స్కాన్ చేసిన సర్టిఫికెట్లు, ప్రింటర్, స్కానర్ డ్రైవర్లు, తెలుగు టైపింగ్‌కు అను ఫాంట్లు, మూడేళ్ల లెక్కలు ఉన్నాయి. బ్యాకప్ ఉందా అని అడగలేదు. ఉంటే అంత భయపడేవాడు కాదు.

చివరికి తేలిందేమిటంటే, ఆ సిస్టంలో పోయింది ఒకే ఒక్క ఫైలు. దాన్ని కనిపెట్టడానికి ఫోన్‌లో మాట్లాడుతూ అరగంట పట్టింది. ఏ వరుసలో వెళ్లామో అదే వరుసలో చెప్తాను. మీ ఇంట్లోనో, హాస్టల్‌లోనో ఇదే సమస్య వస్తే మీరే చేసుకోవచ్చు.

తప్పు బయట ఉందా, లోపల ఉందా?

అదే వైఫైలో ఫోన్‌కు నెట్ వస్తుందంటే లైను, రౌటర్ రెండూ బాగున్నట్టే. అన్నకు ఆ పరీక్ష ఫోన్ చేసే ముందే అయిపోయింది. ఒక్కటి మాత్రం చూసుకోండి: ఫోన్ నిజంగా వైఫైలోనే ఉందా? మొబైల్ డేటా ఆన్‌లో ఉంటే అది నెట్‌ను మెల్లగా అటు తిప్పేసి మనల్ని మోసం చేస్తది. డేటా ఆఫ్ చేసి చూడండి.

రెండో పరీక్ష చాలామందికి తట్టదు. ఫోన్‌ను డేటా కేబుల్‌తో సిస్టంకు పెట్టి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేయండి. ఇప్పుడు సిస్టంలో నెట్ వచ్చిందా? అయితే విండోస్‌లో నెట్‌వర్క్ పునాది బాగానే ఉంది. పోయింది వైఫై కార్డు డ్రైవరో, లాన్ కార్డు డ్రైవరో. ఆ టెథరింగ్ నెట్‌తోనే కంపెనీ సైట్ నుంచి డ్రైవర్ దించుకుంటే కథ అక్కడితో ముగుస్తుంది. టెథరింగ్‌లో కూడా రాకపోతే మాత్రం అన్ని దార్లూ ఎక్కడ కలుస్తాయో అక్కడే ఏదో విరిగింది. కార్డులు మార్చినా, కేబుల్ మార్చినా లాభం లేదు.

అన్న సిస్టంలో టెథరింగ్‌లో కూడా రాలేదు.

ఇంకో చిన్న మాట. "షట్‌డౌన్ చేసి ఆన్ చేసిన" అంటే రీస్టార్ట్ చేసినట్టు కాదు. విండోస్ 10, 11లలో ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ చేసినప్పుడు సిస్టం లోపలి భాగం పూర్తిగా కొత్తగా మొదలవదు. స్టార్ట్ మెనూలో రీస్టార్ట్ కొడితేనే మొదలవుతుంది. 2016 డిసెంబరులో విండోస్ 10లో ఒక సర్వీస్ క్రాష్ అయి చాలామందికి ఐపీ అడ్రస్ దొరకని బగ్ వచ్చింది. డిసెంబరు 13 నాటి అప్‌డేట్‌తో దాన్ని సరిచేశారు. కానీ నెట్టే లేనివాడికి అప్‌డేట్ ఎట్లా వస్తది? అప్పట్లో మైక్రోసాఫ్ట్ చెప్పిన మొదటి సలహా కూడా షట్‌డౌన్ కాదు, రీస్టార్ట్ చేయమనే.

ఐపీకాన్ఫిగ్ ఏం చెప్తుంది

కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఐపీకాన్ఫిగ్ అని ఇంగ్లిష్‌లో టైప్ చేసి ఎంటర్ కొట్టమన్నాను. వచ్చినదంతా ఫోటో తీసి వాట్సాప్ చేయమన్నాను. ఫోన్‌లో చదివించుకుంటే అంకెలు తప్పుతాయి, ఫోటోనే నయం.

ఇక్కడ మనం చూడాల్సింది ఐపీవీ4 అడ్రస్ వరుస. 192.168తో మొదలై ఒక నంబరు ఉంటే సిస్టంకు రౌటర్ నంబరు ఇచ్చినట్టే. అప్పుడు సమస్య డీఎన్ఎస్ దగ్గరో, బ్రౌజర్ ప్రాక్సీ దగ్గరో ఉంటుంది. 169.254తో మొదలైతే సిస్టం అడిగింది, రౌటర్ నుంచి జవాబు రాలేదు, అందుకే తనకు తానే ఒక నంబరు పెట్టుకుంది అని అర్థం. అసలు ఐపీవీ4 వరుసే లేకపోతే? సాధారణంగా అడగాల్సినవాడే పనిలోకి రాలేదన్నమాట.

బ్యాంకులో టోకెన్ మిషన్ ఉంటుంది కదా. మిషన్ ఎంత బాగున్నా, మనం వెళ్లి బటన్ నొక్కితేనే చీటీ వస్తది. రౌటర్ ఆ మిషన్. మన సిస్టం తరఫున వెళ్లి బటన్ నొక్కేది డీహెచ్‌సీపీ క్లయింట్ అనే సర్వీస్. అన్న పంపిన ఫోటోలో ఐపీవీ4 వరుస లేదు. బటన్ నొక్కేవాడు రాలేదు.

ఎర్రర్ నంబరును దాటేయకండి

విండోస్ బటన్‌తో పాటు ఆర్ నొక్కి, సర్వీసెస్ డాట్ ఎంఎస్‌సీ అని టైప్ చేస్తే సర్వీసుల పెద్ద లిస్ట్ వస్తుంది. అందులో డీహెచ్‌సీపీ క్లయింట్ పక్కన రన్నింగ్ అని ఉండాలి. లేదు. రైట్ క్లిక్ చేసి స్టార్ట్ కొట్టమన్నాను.

"ఏదో ఎర్రర్ అచ్చింది తమ్మీ. ఓకే కొట్టిన."

ఓకే కొట్టేయడం మన జాతీయ అలవాటు. మళ్లీ స్టార్ట్ కొట్టించి ఈసారి ఫోటో తీయించాను. ఎర్రర్ 126, ది స్పెసిఫైడ్ మాడ్యూల్ కుడ్ నాట్ బి ఫౌండ్.

ఇట్లాంటి చోట మూడు నంబర్లు ఎక్కువ కనిపిస్తాయి. 1068 వస్తే ఈ సర్వీస్ బాగానే ఉంది, ఇది ఆధారపడిన ఇంకో సర్వీస్ లేవలేదు. దాన్ని డబుల్ క్లిక్ చేసి డిపెండెన్సీస్ ట్యాబ్‌లో ఎవరెవరి మీద ఆధారపడిందో చూసి, ఒక్కొక్కటి కిందికి దిగుతూ పోవాలి. నెట్‌వర్క్ విషయంలో ఆ దారి చాలాసార్లు ఏఎఫ్‌డీ డాట్ ఎస్‌వైఎస్ అనే డ్రైవర్ ఫైలు దగ్గరికి తీసుకెళ్తుంది. 2 వస్తే చెప్పిన ఫైలు చెప్పిన చోట లేదు. 126 వస్తే సర్వీస్‌కు కావాల్సిన డీఎల్ఎల్ దొరకలేదు. 2 అయినా 126 అయినా గూగుల్‌లో గంటలు గంటలు వెతకనక్కర్లేదు, ఫైలు పోయిందని విండోసే చెప్తుంది.

ఏ ఫైలో తెలుసుకోవడం ఎట్లా? రిజిస్ట్రీ ఎడిటర్ తెరిచి హెచ్‌కీ లోకల్ మెషీన్, సిస్టం, కరెంట్ కంట్రోల్ సెట్, సర్వీసెస్, డీహెచ్‌సీపీ, పారామీటర్స్ దాకా వెళ్లండి. అక్కడ సర్వీస్‌డీఎల్ఎల్ అనే పేరు పక్కన ఫైలు అడ్రస్ రాసి ఉంటుంది. చూడటమే, ఏదీ మార్చకండి. డీహెచ్‌సీపీ క్లయింట్‌కైతే అది సిస్టం32 ఫోల్డర్‌లో డీహెచ్‌సీపీకోర్ డాట్ డీఎల్ఎల్. డీఎన్ఎస్ క్లయింట్‌కు డీఎన్ఎస్ఆర్ఎస్ఎల్‌వీఆర్ డాట్ డీఎల్ఎల్. వైఫై కనెక్షన్లు చూసుకునే సర్వీస్‌కు డబ్ల్యులాన్ఎస్‌వీసీ డాట్ డీఎల్ఎల్. అన్న సిస్టం32 ఫోల్డర్‌లో వెతికాడు. డీహెచ్‌సీపీకోర్ లేదు.

నిన్న రాత్రి దాకా ఉన్న ఫైలు ఎక్కడికి పోతది? యాంటీవైరస్ తెరిచి క్వారంటైన్ లిస్ట్ చూడమన్నాను. అందులో ఉంది. ముందు రోజు సాయంత్రం షాపులో పనిచేసే పిల్లగాడు పాస్‌పోర్ట్ ఫోటోల కోసం ఏదో సాఫ్ట్‌వేర్‌కు క్రాక్ దించాడు. ఆ తర్వాత గంటకు యాంటీవైరస్ నాలుగు ఫైళ్లను పట్టి లోపలేసింది. మూడు ఆ క్రాక్‌వి. నాలుగోది మన డీహెచ్‌సీపీకోర్.

14 కేబీ ఫైలు, లక్షల సిస్టంలు

కాపలాదారే ఇంటి మనిషిని పట్టుకోవడం కొత్తేమీ కాదు. 2010 ఏప్రిల్ 21న మెకాఫీ యాంటీవైరస్ ఒక రోజువారీ అప్‌డేట్ ఇచ్చింది. నంబరు 5958. అమెరికాలో అప్పుడు ఉదయం, మన దగ్గర చీకటి పడుతున్న టైం. ఆ అప్‌డేట్ విండోస్ ఎక్స్‌పీ సర్వీస్ ప్యాక్ 3 సిస్టంలలో ఎస్‌వీసీహోస్ట్ డాట్ ఈఎక్స్ఈ అనే అసలు సిసలు విండోస్ ఫైలును చూసి డబ్ల్యు32 వెకార్ల్ అనే వైరస్ అనుకుంది. కొన్నింటిలో తీసుకెళ్లి క్వారంటైన్‌లో పెట్టింది, కొన్నింటిలో తుడిచేసింది.

టాస్క్ మేనేజర్‌లో సర్వీస్ హోస్ట్ అని పదులకొద్దీ వరుసలు చూసే ఉంటారు. అవన్నీ ఈ ఫైలే. సర్వీసుల డీఎల్ఎల్‌లు తమంతట తాము నడవలేవు, వాటిని మోసే బండి ఎస్‌వీసీహోస్ట్. అన్న సిస్టంలో బండిలోంచి ఒక్క మనిషి మాయమయ్యాడు. 2010లో బండే పోయింది. ఎక్స్‌పీలో ఆ ఫైలు సైజు 14 కేబీ మాత్రమే. అది పోయేసరికి సిస్టంలు ఒక నిమిషం కౌంట్‌డౌన్ చూపించి రీస్టార్ట్ అవుతూ పోయాయి, నెట్‌వర్క్ కట్ అయింది. అమెరికాలో ఆసుపత్రులు, ఆస్ట్రేలియాలో సూపర్ మార్కెట్ కౌంటర్లు ఆగిపోయాయి.

మెకాఫీ తప్పు గ్రహించి గంటల్లోనే 5959 ఇచ్చింది. కానీ దాన్ని తెచ్చుకోవడానికి ఆ సిస్టంలలో నెట్ ఏదీ? ఐటీ డిపార్ట్‌మెంట్ మనుషులు పెన్‌డ్రైవ్ జేబులో పెట్టుకుని టేబుల్ టేబుల్‌కూ తిరిగారు. సేఫ్ మోడ్‌లో ఎక్కి, ముందు యాంటీవైరస్‌కు "ఈ ఫైలు జోలికి పోకు" అని చెప్పే చిన్న ఫైలు పెట్టి, ఆ తర్వాత ఎస్‌వీసీహోస్ట్‌ను కాపీ చేయాలి. ఈ వరుస తప్పితే పెట్టిన ఫైలును యాంటీవైరస్ మళ్లీ మింగేస్తుంది. ఇది గుర్తుంచుకోండి, కాసేపట్లో మనకు పనికొస్తుంది.

ఆనాడు మెకాఫీలో చీఫ్ టెక్నాలజీ ఆఫీసర్ జార్జ్ కర్ట్జ్. 2024 జూలై 19న ప్రపంచమంతా నీలి తెరలు తెప్పించిన క్రౌడ్‌స్ట్రైక్ కంపెనీకి సీఈవో కూడా ఆయనే. ఆ రోజు 85 లక్షల విండోస్ సిస్టంలు దెబ్బతిన్నాయని మైక్రోసాఫ్ట్ లెక్క చెప్పింది. మన హైదరాబాద్ ఎయిర్‌పోర్టులో పెన్నుతో రాసిచ్చిన బోర్డింగ్ పాస్ ఫోటో వైరల్ అయింది గుర్తుందా, అదే రోజు. అయితే అక్కడ సమస్య తలకిందులు: ఫైలు పోవడం కాదు, రాకూడని ఫైలు రావడం. 2010లో చేత్తో పెట్టాల్సి వచ్చింది, 2024లో చేత్తో తీయాల్సి వచ్చింది.

ముందు షాపు నడవాలి

ఇంద్రవెల్లికి వద్దాం. రిపేర్ తర్వాత చూసుకోవచ్చు, గేటు ముందు పిల్లలున్నారు. డీహెచ్‌సీపీ క్లయింట్ చేసేది నంబరు అడిగి తేవడం మాత్రమే. ఆ నంబరు మనమే రాసిస్తే?

అన్న ఫోన్‌లో వైఫై పేరు మీద నొక్కి వివరాలు చూడమన్నాను. ఫోన్ ఐపీ 192.168.1.7, గేట్‌వే 192.168.1.1. సిస్టంలో విండోస్, ఆర్ నొక్కి ఎన్‌సీపీఏ డాట్ సీపీఎల్ టైప్ చేస్తే నెట్‌వర్క్ కనెక్షన్లు వస్తాయి. ఆయనది లాన్ కేబుల్, కాబట్టి ఈథర్‌నెట్ మీద రైట్ క్లిక్, ప్రాపర్టీస్, ఇంటర్నెట్ ప్రోటోకాల్ వెర్షన్ 4. అక్కడ చేత్తో ఇలా నింపాడు: ఐపీ 192.168.1.200, సబ్‌నెట్ మాస్క్ 255.255.255.0, గేట్‌వే 192.168.1.1, డీఎన్ఎస్ 8.8.8.8. ఓకే కొట్టి, రీస్టార్ట్ చేశాడు.

మొదటి మూడు అంకెలు మీ ఫోన్‌లో ఎట్లా ఉంటే అట్లనే పెట్టాలి. ఇక్కడి అంకెలు చూసి కాపీ కొట్టకండి, మీ రౌటర్ 192.168.0.1 కావచ్చు, 192.168.29.1 కావచ్చు. చివరి అంకె మాత్రం ఇంట్లో ఇంకే డివైస్‌కూ లేనిది, కొంచెం పెద్దది ఎంచుకోండి.

రీస్టార్ట్ అయ్యాక టాస్క్‌బార్‌లో నెట్ లేదన్నట్టు గ్లోబు గుర్తు అట్లనే ఉంది. "కాలేదు తమ్మీ" అన్నాడు. బ్రౌజర్ తెరవమన్నాను. దోస్త్ సైట్ ఓపెన్ అయింది. ఆ గుర్తును చూసుకునే సర్వీస్ కూడా డీహెచ్‌సీపీ క్లయింట్ మీదే ఆధారపడి ఉంటుంది, అది లేవనంత కాలం గుర్తు అబద్ధమే చెప్తుంది. ఇదే కారణంగా విండోస్ అప్‌డేట్, స్టోర్ లాంటివి నెట్ లేదని మొండికేయొచ్చు. బ్రౌజర్ నడిస్తే చాలు, ఆ పూటకు.

"సరే పెట్టేయ్, పోరగాళ్లు లొల్లి జేస్తున్నరు" అని ఫోన్ పెట్టేశాడు. మళ్లీ చేసింది రాత్రి ఎనిమిదిన్నరకు, షట్టర్ సగం దించాక.

పోయిన ఫైలును ఎక్కడినుంచి తేవాలి

ముందు ఎక్కడినుంచి తేవద్దో చెప్తాను. గూగుల్‌లో డీఎల్ఎల్ పేరు కొడితే ఫ్రీ డౌన్‌లోడ్ అంటూ పది సైట్లు వస్తాయి. వాటి జోలికి పోవద్దు. ఏ విండోస్ వెర్షన్‌దో తెలియదు, లోపల ఏం కలిపారో తెలియదు, పైగా అది వెళ్లి కూర్చునేది విండోస్ సర్వీసుల్లో. పక్కింటి ల్యాప్‌టాప్ నుంచి కాపీ కొట్టడం కూడా వెర్షన్, బిల్డ్ రెండూ ఒకటైతేనే. క్వారంటైన్‌లోంచి రీస్టోర్ కొడితే? అన్న విషయంలో వద్దన్నాను. యాంటీవైరస్ పొరపడిందో, క్రాక్ నిజంగానే ఆ ఫైలును పాడు చేసిందో మనకు తెలియదు.

అసలు కాపీ మన సిస్టంలోనే ఉంటుంది. విండోస్ ఫోల్డర్‌లో విన్‌ఎస్ఎక్స్ఎస్ అని ఒక పెద్ద ఫోల్డర్ కనిపిస్తుంది. స్పేస్ కోసం దాన్ని డిలీట్ చేయమని యూట్యూబ్‌లో సలహాలిచ్చేవాళ్లు ఉన్నారు, వాళ్లకో దండం. విండోస్ సిస్టం ఫైళ్ల అసలు గోదాం అదే. సిస్టం32లో మనకు కనిపించేవి చాలావరకు ఆ గోదాంలోని ఫైళ్లకు పెట్టిన రెండో పేర్లు. వీటిని హార్డ్ లింకులంటారు. డిస్క్‌లో డేటా ఒక్కటే, పేర్లు రెండు. ఒక పేరు తుడిచేస్తే డేటా పోదు, ఇంకో పేరు కింద అట్లనే ఉంటుంది.

దీంట్లో ఒక విచిత్రం ఉంది. పూర్తిగా డిలీట్ అయిన ఫైలును తేవడం తేలిక. ఫైలు ఉండి, లోపల డేటా పాడైతేనే కష్టం, ఎందుకంటే పాడైన డేటా రెండు పేర్లకూ ఒక్కటే కాబట్టి గోదాంలోది కూడా పాడైనట్టే.

స్టార్ట్‌లో సీఎండీ అని వెతికి రైట్ క్లిక్ చేసి రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్ కొట్టండి. ఎస్ఎఫ్‌సీ అని మూడక్షరాలు, ఒక స్పేస్, ఒక స్లాష్, దానికి ఆనించి స్కాన్‌నౌ. ఎంటర్. పాత హార్డ్ డిస్క్ అయితే అరగంటైనా పడుతుంది, ఎస్ఎస్‌డీ అయితే తొందరగా అవుతుంది. దీనికి నెట్ అక్కర్లేదు.

కానీ ఆ ఎంటర్ కొట్టే ముందే అన్నతో ఆ క్రాక్ సాఫ్ట్‌వేర్ అన్‌ఇన్‌స్టాల్ చేయించి, యాంటీవైరస్ డెఫినిషన్లు అప్‌డేట్ చేయించి, ఫుల్ స్కాన్ పెట్టించాను. 2010 వరుస ఇదే: ముందు కాపలాదారు సంగతి, ఆ తర్వాత ఫైలు. నేను ఒకసారి ఈ వరుస తప్పి, ఫైలు తెచ్చిన పది నిమిషాలకే మళ్లీ పోగొట్టుకున్నాను.

ఎస్ఎఫ్‌సీ ముగిసాక మూడింట్లో ఒక మాట వస్తుంది. తప్పులేమీ దొరకలేదంటే పోయింది విండోస్ ఫైలు కాదు, కార్డు డ్రైవర్ లాంటి బయటి ఫైలు, లేదా రిజిస్ట్రీలో సర్వీస్ వివరాలే పోయాయి. దొరికాయి, సరిచేశాను అంటే రీస్టార్ట్ చేయండి. దొరికాయి కానీ కొన్ని సరిచేయలేకపోయాను అంటే గోదాం కూడా పాడైంది. ఏ ఫైలో చూడాలంటే విండోస్ ఫోల్డర్‌లో లాగ్స్, అందులో సీబీఎస్ ఫోల్డర్‌లో ఉన్న లాగ్ ఫైలు తెరిచి ఎస్ఆర్ అని ఉన్న వరుసలు వెతకండి.

అన్నకు రెండో మాట వచ్చింది. రీస్టార్ట్ చేశాడు. డీహెచ్‌సీపీ క్లయింట్ పక్కన రన్నింగ్ అని కనిపించింది. చేత్తో రాసిన 192.168.1.200 తీసేసి మళ్లీ ఆటోమేటిక్‌గా పెట్టుకోమన్నాను. గ్లోబు గుర్తు పోయింది.

గోదాం కూడా పాడైతే

అప్పుడు డిస్మ్ అనే పనిముట్టు. యూట్యూబ్ వీడియోల్లో డిస్మ్, ఆన్‌లైన్, క్లీనప్ ఇమేజ్, రీస్టోర్ హెల్త్ అని ఒక పొడవాటి కమాండ్ చూసే ఉంటారు. అందులో ఆన్‌లైన్ అన్న మాటకు ఇంటర్నెట్‌తో సంబంధం లేదు, "ఇప్పుడు నడుస్తున్న విండోస్‌ను బాగుచేయి" అని అర్థం. కానీ సోర్స్ చెప్పకపోతే అది బాగున్న ఫైళ్ల కోసం విండోస్ అప్‌డేట్ దగ్గరికి వెళ్తుంది. నెట్ లేని సిస్టంలో నెట్ బాగుచేయడానికి నెట్ కావాలన్నమాట. చాలామంది ఇక్కడే చేతులెత్తేసి ఫార్మాట్‌కు వెళ్తారు.

ఇక్కడ మన ఫోన్ పనికొస్తుంది. ఫోన్ బ్రౌజర్‌లో మైక్రోసాఫ్ట్ అధికారిక డౌన్‌లోడ్ పేజీకి వెళ్లి మీ విండోస్ ఐఎస్ఓ ఫైలు దించండి. చాలా పెద్ద ఫైలు, వైఫైలో దించండి, రోజుకు రెండు జీబీ ప్యాక్‌తో కాదు. భాష దగ్గర ఇంగ్లిష్ యునైటెడ్ స్టేట్స్, ఇంగ్లిష్ ఇంటర్నేషనల్ అని రెండుంటాయి. మీ విండోస్ ఏదో అదే తీసుకోండి, లేకపోతే తర్వాత ఇబ్బంది. ఫోన్‌ను కేబుల్‌తో సిస్టంకు పెట్టి ఫైల్ ట్రాన్స్‌ఫర్ ఎంచుకుని కాపీ చేయండి, దీనికి నెట్‌వర్క్‌తో పని లేదు. పెన్‌డ్రైవ్‌తో తెస్తే అది ఫ్యాట్32 ఫార్మాట్‌లో ఉండొద్దు, అందులో 4 జీబీ దాటిన ఫైలు పట్టదు. 64 జీబీ పెన్‌డ్రైవ్‌లో ఐదు జీబీ పట్టలేదని తల పట్టుకున్నవాళ్లను చూశాను.

సిస్టంలో ఆ ఐఎస్ఓను డబుల్ క్లిక్ చేస్తే కొత్త డ్రైవ్‌లా తెరుచుకుంటుంది. దాని సోర్సెస్ ఫోల్డర్‌లో ఇన్‌స్టాల్ అనే పెద్ద ఫైలు ఉంటుంది, డిస్మ్ కమాండ్ చివర సోర్స్‌గా దాన్ని చూపించి, లిమిట్ యాక్సెస్ అని చేర్చితే విండోస్ అప్‌డేట్ వైపు వెళ్లదు. అది అయ్యాక ఎస్ఎఫ్‌సీ మళ్లీ ఒకసారి. మీ సిస్టంలో అప్‌డేట్లు ఐఎస్ఓ కంటే ముందుకెళ్లి ఉంటే సోర్స్ ఫైల్స్ దొరకలేదని డిస్మ్ గొణగొచ్చు. అప్పుడు నేనైతే దాంతో కొట్లాడను. అదే ఐఎస్ఓలో సెటప్ డబుల్ క్లిక్ చేసి, ఫైళ్లు, యాప్‌లు రెండూ ఉంచు అన్న ఆప్షన్ పెడతాను. విండోస్ తన మీద తానే మళ్లీ ఇన్‌స్టాల్ అవుతుంది, సీ డ్రైవ్‌లో మీ డేటా, మీ సాఫ్ట్‌వేర్లు ఉంటాయి. గంటో గంటన్నరో పని. భాష తప్పు ఐఎస్ఓ తెస్తే యాప్‌లు ఉంచే ఆప్షన్ పనిచేయదు, ఇందాక చెప్పిన ఇబ్బంది ఇదే. పని మొదలుపెట్టే ముందు ముఖ్యమైనవి పెన్‌డ్రైవ్‌లోకో ఫోన్‌లోకో తీసుకోండి, ఎంత నమ్మకమున్నా సరే.

విన్‌సాక్ రీసెట్, నెట్‌వర్క్ రీసెట్ సంగతేంటి అని అడుగుతారు. అవి పాడైన సెట్టింగులను మొదటికి తెస్తాయి, పోయిన ఫైలును తేలేవు. 126 కనిపించాక వాటితో టైం వేస్ట్. ఇంకో మాట, గేమింగ్ స్పీడ్ కోసం డీబ్లోట్ స్క్రిప్టులు, ఎవరో కోసి పెట్టిన లైట్ విండోస్‌లు వేసుకునే తమ్ముళ్లకు: వాటిలో కొన్ని సర్వీసులను ఆఫ్ చేయవు, గోదాంతో సహా పీకేస్తాయి. అక్కడ ఎస్ఎఫ్‌సీ వెతికినా దొరికేదేమీ ఉండదు.

ఫోన్‌లో ఇదే జరిగితే

ఫోన్‌లో మామూలుగా సిస్టం ఫైళ్లు మన చేతికి అందవు, కాబట్టి ఈ బాధ కస్టమ్ రామ్‌లు ఫ్లాష్ చేసేవాళ్లకే. ఎన్నో స్నాప్‌డ్రాగన్ ఫోన్లలో పర్సిస్ట్ అనే చిన్న పార్టిషన్ ఉంటుంది, వైఫై మ్యాక్ అడ్రస్, సెన్సర్ల క్యాలిబ్రేషన్ అందులో ఉంటాయి. అది తుడిచేస్తే వైఫై బటన్ నొక్కినా ఆన్ కాకుండా వెనక్కి వస్తుంది. ఈఎఫ్ఎస్ పోతే ఐఎంఈఐ పోయి సిమ్ సిగ్నలే రాదు. ఇవి ఆ ఒక్క ఫోన్‌కే సొంతం, విండోస్‌లా ఐఎస్ఓ దించి పెట్టుకోలేం, వేరే ఫోన్‌వి పనికిరావు. ఫ్లాష్ చేసే ముందు రికవరీలో ఈ రెండింటి బ్యాకప్ తీసి సిస్టంలో దాచుకోవాలి. పోయాక ఎవరో నంబరు రాసిస్తామంటే ఒప్పుకోకండి, ఐఎంఈఐ మార్చడం నేరం.

అన్న మర్నాడు పొద్దున ఫోన్ చేశాడు. వెబ్ ఆప్షన్లు అందరివీ అయిపోయాయట. "ఆ పాస్‌పోర్ట్ ఫోటోల సాఫ్ట్‌వేర్ మళ్ల వెయ్యొచ్చా తమ్మీ?" అని అడిగాడు. ఫ్రీగా దొరికే ఫోటో ఎడిటర్ లింకు ఒకటి పంపాను.